గుండెకు ఊపిరి గుండా దారి

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలో కొన్ని ఇళ్ల బీరువాల్లో బట్టల కింద భద్రంగా పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు ఒకటి ఉంటుంది. అందులో మెట్‌పల్లిలో తీసిన ఈసీజీ, కోరుట్లలో తీసిన ఇంకో ఈసీజీ, జగిత్యాలలో చేయించిన రక్తపరీక్షలు, కరీంనగర్‌లో చేయించిన టూడీ ఎకో రిపోర్టు వరుసగా పేర్చి ఉంటాయి. ఆ కవరు పట్టుకుని తిరిగిన మనిషికి ఏదో ఒక రాత్రి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. ఊపిరి అందలేదు. అరచేతులు తడిశాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఇక బతకనేమోనన్న బుగులు పుట్టింది. ఊళ్లో ఆర్ఎంపీ గ్లూకోజు ఎక్కించి, తెల్లారి పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. అక్కడ అన్నీ చూసి, ‘నీకేం లేదు, రంది పెట్టుకోకు’ అని పంపించారు. వారం తిరక్కముందే మళ్లీ అదే దడ.

‘ఏం లేదు’ అన్న మాట సగమే నిజం. గుండె కండరంలో, కవాటాల్లో, రక్తనాళాల్లో జబ్బు లేదన్నంతవరకు అది నిజమే. ఆ మాట వినడం రోగికి అవసరం కూడా. కానీ ఆ రాత్రి గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకోవడం ఉత్తుత్తి సంగతి కాదు. అరచేతుల చెమట, వేళ్ల తిమ్మిరి నటన కాదు. శరీరంలో ఏదో జరిగింది. అది ఏమిటో, ఎందుకు జరిగిందో, ఆపడానికి తన చేతిలో ఏముందో ఆ మనిషికి ఎవరూ చూపించలేదు. చూపించే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు బయోఫీడ్‌బ్యాక్. శరీరం లోపలి పనిని ఒక పరికరంతో కొలిచి, అప్పటికప్పుడు ఆ మనిషి కళ్లకో చెవులకో అందించి, దాన్ని మార్చుకోవడం నేర్పించడమే దాని సారం.

ఈ ప్రాంతంలో రంది పడడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. కొడుకో భర్తో దుబాయ్, సౌదీ, మస్కట్‌లలో ఉంటాడు. వీసాకు తెచ్చిన అప్పు మిత్తి ఇక్కడ పెరుగుతుంది, రాత్రి రావాల్సిన ఫోను రాదు. మల్లాపూర్ మండలంలోనే ఉన్న ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని నమ్ముకున్న కార్మికులూ చెరుకు రైతులూ అప్పటి నుంచి ఎదురుచూపుల్లోనే బతికారు. సిరిసిల్లలో ఆర్డర్లు లేక సాంచాలు (మరమగ్గాలు) ఆగితే ఆ వారం కూలీ ఆగుతుంది. రంది పడటం జబ్బు కాదు. అది నెలల తరబడి నిద్ర చెడగొట్టి, పని చెడగొట్టి, బస్సెక్కాలన్నా నలుగురిలోకి పోవాలన్నా భయపెట్టే స్థితికి వస్తేనే వైద్యులు దాన్ని ఆందోళన రుగ్మత అంటారు. బెంగళూరులోని నిమ్హాన్స్ నాయకత్వంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన లెక్కను ఎవరైనా విడిగా తీయాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే సింపథెటిక్ నాడులు పనిలోకి దిగుతాయి. మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, చర్మానికి పోయే రక్తం తగ్గుతుంది, మెడ భుజాల కండరాలు బిగుస్తాయి, ఊపిరి జోరందుకుంటుంది. పొలం గట్టు మీద పాము కనిపిస్తే ఇదంతా పనికొచ్చే ఏర్పాటే. దూకుతాం, పరుగెత్తుతాం, ఆ శక్తి ఖర్చవుతుంది. మంచం మీద పడుకున్నవాడికి ఖర్చుపెట్టే దారి లేదు. వాడు ఊపిరి మాత్రం పరుగెత్తేవాడిలాగే తీస్తుంటాడు.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. అవసరానికి మించి ఊపిరి తీస్తే ఆ వాయువు ఎక్కువగా బయటికి పోయి పీడనం పడిపోతుంది. అప్పుడు మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు ముడుచుకుంటాయి, తల తిరుగుతుంది. రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. దాంతో రక్తంలో విడిగా ఉండే కాల్షియం తగ్గి నాడులు అతిగా స్పందిస్తాయి. వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, ఒక్కోసారి చేతులు కొంకర్లు పోతాయి. ఇది చూసి ఇంట్లోవాళ్లు గాలి సోకిందని కంగారుపడతారు. రోగికి గాలి చాలడం లేదనిపిస్తుంది కాబట్టి ఇంకా జోరుగా పీలుస్తాడు. ఆ సమయంలో వేలికి ఆక్సీమీటరు పెడితే ఆక్సిజన్ 98, 99 శాతం చూపిస్తుంది. గాలి తక్కువై కాదు, ఎక్కువై వచ్చిన బాధ అది. భయం ఊపిరిని పెంచుతుంది, పెరిగిన ఊపిరి తిమ్మిరి తెస్తుంది, తిమ్మిరి భయాన్ని పెంచుతుంది. అమెరికాలోని డల్లాస్‌లో అలీషియా మ్యూరెట్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి రోగులకు తమ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ అంకెను తెర మీద చూపిస్తూ, ఊపిరిని తగ్గించుకుని ఆ అంకెను మామూలు స్థాయికి తెచ్చుకోవడం నేర్పించారు. ఆ సాధన చేసినవారిలో పానిక్ (ఉన్నట్టుండి వచ్చే తీవ్ర భయం) లక్షణాలు తగ్గాయి.

మనిషి తన గుండెను తానే ఆజ్ఞాపించగలడా అన్న ప్రశ్న నుంచి ఈ శాస్త్రం పుట్టింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ కొందరు మన దేశానికే వచ్చారు. 1957లో అమెరికా నుంచి వెంగర్, బాగ్చి అనే శాస్త్రవేత్తలు వచ్చి, ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు బాల్ కృష్ణ ఆనంద్‌తో కలిసి, గుండెను ఆపగలమని చెప్పుకున్న యోగులను పరీక్షించారు. 1961లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ యోగులు ఊపిరి బిగబట్టి ఛాతీ, పొట్ట కండరాలను గట్టిగా బిగించేవారు. దాంతో గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోయి, నాడి చేతికి అందేది కాదు, గుండె చప్పుడు స్టెతస్కోపుకు వినిపించేది కాదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. ఇంకో యోగి మాత్రం అడగ్గానే నుదుటి మీద చెమట పట్టించగలిగాడు. హిమాలయాల గుహల్లో చలికి తట్టుకోవడానికి, తాను విపరీతమైన వేడిలో ఉన్నట్టు నెలల తరబడి మనసులో ఊహించుకుని సాధన చేశానని చెప్పాడు.

అమెరికాలో నీల్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త ఇదే ప్రశ్నను ఎలుకల మీద పెట్టాడు. కురారే అనే మందుతో ఎలుక కండరాలన్నీ కదలకుండా చేసి, కృత్రిమంగా ఊపిరి అందిస్తూ, గుండె వేగం మారినప్పుడల్లా మెదడుకు సుఖం కలిగించే విద్యుత్ స్పర్శను బహుమానంగా ఇచ్చాడు. ఊపిరి, కండరాల సాయం లేకుండానే ఎలుక గుండె వేగాన్ని మార్చుకోవడం నేర్చిందని 1969లో ప్రకటించగానే పెద్ద సంచలనమైంది. బయోఫీడ్‌బ్యాక్ పరిశోధకుల సంఘం కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో పుట్టింది కూడా ఆ ఏడాదే. తర్వాత ఆ ఎలుకల ప్రయోగం ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం రాలేదు. మిల్లర్ ఆ సంగతి దాచుకోలేదు, 1974లో తానే రాశాడు. శాస్త్రంలో ఇంతకన్నా గౌరవించదగ్గ పని ఉండదని నా నమ్మకం.

యోగుల పరీక్షనూ ఎలుకల వైఫల్యాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే. గుండెకు మనం నేరుగా ఆజ్ఞ ఇవ్వలేం. ఊపిరి ద్వారా, కండరాల ద్వారా, ఊహ ద్వారా దాని దగ్గరికి పోవచ్చు. ఈ మూడింటిలో ఎవరికైనా, ఎక్కడైనా, తొందరగా పట్టుబడేది ఊపిరే.

మీ మణికట్టు మీద నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. తీసేటప్పుడు నాడి కొంచెం వడిగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని నమోదు చేశాడు. మెదడు కింది భాగం నుంచి బయల్దేరి గుండెను చేరే వేగస్ నాడి గుండె వేగాన్ని అదుపులో ఉంచుతుంది. ఊపిరి తీసేటప్పుడు ఆ అదుపు సడలుతుంది, వదిలేటప్పుడు మళ్లీ బిగుస్తుంది. ఈ హెచ్చుతగ్గులు బాగా ఉండటం ఆరోగ్య లక్షణం. తీవ్ర ఆందోళనలో ఉన్నవాళ్లలో ఇవి తగ్గిపోతాయి.

దీనికి తోడు ఇంకో ఏర్పాటు ఉంది. మెడలోని కెరోటిడ్ ధమనిలో, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులో రక్తపోటును పసిగట్టే నాడీ కొనలు ఉంటాయి. పోటు పెరిగితే అవి గుండెను నిదానించమని చెబుతాయి, తగ్గితే వడి పెంచమని చెబుతాయి. ఆ మాట అమలై పోటు మారడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. పెరగడానికి 5, తగ్గడానికి 5, మొత్తం 10 సెకన్ల ఆవృత్తి. సరిగ్గా 10 సెకన్లకు ఒక ఊపిరి చొప్పున, అంటే నిమిషానికి 6 సార్లు ఊపిరి తీస్తే, ఊపిరి వల్ల వచ్చే మార్పూ పోటు వల్ల వచ్చే మార్పూ ఒకదానికొకటి తోడై గుండె వేగం పెద్ద అలలుగా లేచి పడుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణం చూసి మెల్లగా తోసినా ఎత్తుకు పోతుంది కదా, ఇదీ అంతే. రష్యాలో ఎవ్గెనీ వాషిల్లో 1980లలో ఈ సంగతి కనిపెట్టాడు. అమెరికాలో పాల్ లెరర్‌తో కలిసి 2000లో శిక్షణ పద్ధతిని రాసిపెట్టాడు. అందరికీ కచ్చితంగా 6 కాదు. మనిషిని బట్టి నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఉంటుంది. పరికరం ముఖ్యమైన ఉపయోగాల్లో ఒకటి ఎవరి లెక్క ఎంతో తేల్చడం.

ఇటలీలో లూసియానో బెర్నార్డి బృందం 2001లో ఒక ముచ్చటైన ప్రయోగం అచ్చువేసింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లోనూ, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రాన్నీ చదివించారు. రెండిటిలోనూ ఊపిరి తనంతట తానే నిమిషానికి 6 దగ్గరికి వచ్చి ఆగింది. గుండె అలలు పెద్దవయ్యాయి. వేర్వేరు దేశాల జపాలు ఒకే వేగానికి రావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

శిక్షణ ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూద్దాం. నలభై దాటిన ఒక తల్లి కుర్చీలో కూర్చుంది అనుకోండి. వేలికి చిన్న క్లిప్పు, ఎదురుగా తెర. తెర మీద గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. అది ఆమె గుండె వేగం. మొదట నిమిషానికి 18 ఊపిరులు, గుండె 96 చుట్టూ, గీతలో చిన్న చిన్న గరుకు పళ్లే తప్ప అల లేదు. రావాల్సిన రాత్రి రాని కొడుకు ఫోను సంగతి గుర్తు చేసుకోమంటే చాలు, గీత చటుక్కున పైకి లేస్తుంది. ఆమె కళ్లు పెద్దవవుతాయి. తన మనసులో మెదిలినది తెర మీద కనిపించడం ఆమెకు అదే మొదలు. ఇప్పుడు తెర పక్కన ఒక చుక్క 4 సెకన్లు పైకి, 6 సెకన్లు కిందికి నడుస్తుంది. దానితోపాటు ఊపిరి తీసి వదలాలి. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది, నెమ్మదిగా తీయమంటే లోతుగా తీస్తారు. అలా తీస్తే కార్బన్ డయాక్సైడ్ మళ్లీ పడిపోయి తల తిరుగుతుంది. ‘జోరుగ గుంజకమ్మా, మామూలుగ తీసి మెల్లగ ఇడువు’ అని పక్కన కూర్చున్నవాళ్లు చెప్పాలి. కొన్ని నిమిషాలకు గరుకు గీత సాఫీ అవుతుంది. 78 దాకా దిగి 90 దాకా ఎక్కి, మళ్లీ దిగుతూ గుండ్రని అలలు మొదలవుతాయి. గుండెను తగ్గించాలని పట్టుబట్టిన కొద్దీ అల చెదిరిపోతుంది. పట్టు వదిలితే తిరిగి వస్తుంది. ఈ సంగతి ఎంత చెప్పినా అర్థం కాదు, తెర మీద చూస్తే అర్థమవుతుంది.

మామూలుగా వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు శిక్షకుల దగ్గర, రోజూ రెండు పూటలా సుమారు 20 నిమిషాలు ఇంటి దగ్గర సాధన ఉంటుంది. దడ వచ్చిన రాత్రి మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు. దడ లేని రోజుల్లో అలవాటైన ఊపిరే ఆ రాత్రి అక్కరకొస్తుంది.

కొలవడానికి ఇంకా దారులున్నాయి. అన్నీ మన ఊళ్లకు సరిపడవు. వేలి కొన ఉష్ణోగ్రత చూసే పద్ధతి ఒకటి: భయంలో వేళ్లకు రక్తం తగ్గి చల్లబడతాయి, నెమ్మదిస్తే వెచ్చబడతాయి. చల్లని దేశాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. జగిత్యాల జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో ఎవరి వేళ్లయినా వెచ్చగానే ఉంటాయి, వాటిని చూసి మనసు సంగతి చెప్పలేం. అరచేతి చెమటను బట్టి చర్మం గుండా విద్యుత్ ఎంత సాగుతుందో కొలిచే పద్ధతికీ వేసవిలో ఇదే చిక్కు.

కండరాల పద్ధతి మాత్రం ఈ ప్రాంతానికి బాగా పనికొస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్ ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లను చూడండి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. మెడ వంచితే పూట గడిచేదాకా ఎత్తరు. రోజుకు వెయ్యి బీడీలు పూర్తి చేయాలంటే ఎత్తడానికి తీరదు. మెడ నుంచి భుజానికి దిగే ట్రపీజియస్ కండరం బిగిసి బిగిసి, చాట పక్కన పెట్టిన తర్వాత కూడా సడలదు. బిగిసి ఉందని ఆమెకు తెలియదు, తలనొప్పి మాత్రం తెలుసు. చర్మం మీద అతికించే ఎలక్ట్రోడ్లు ఆ కండరంలోని విద్యుత్తును మైక్రోవోల్టుల్లో కొలుస్తాయి. అమెరికాలో బుడ్జిన్‌స్కీ, స్టోయ్వా 1970 ప్రాంతంలో నుదుటి కండరం మీద ఇది మొదలుపెట్టినప్పుడు తెర వాడలేదు, చెవికి శబ్దం వినిపించారు. బిగిస్తే శబ్దం హెచ్చుతుంది, సడలితే తగ్గుతుంది. చేతులూ కళ్లూ పనిలో ఉన్నవాళ్లకు చెవి ద్వారా నేర్పడమే మేలు. సిరిసిల్ల సాంచాల షెడ్డులో మాత్రం ఇది కుదరదు. అక్కడ పక్కవాడి మాటే వినపడదు, షిఫ్టు దిగాక చేయాల్సిందే.

ఇంతకీ దీనివల్ల ఆందోళన నిజంగా తగ్గుతుందా? గెస్ల్, కర్టిస్, హాఫ్‌మన్ అనే పరిశోధకులు 2017లో అప్పటిదాకా వచ్చిన 24 అధ్యయనాలను, 484 మంది ఫలితాలను కలిపి చూశారు. గుండె వేగపు అలలతో చేసే శిక్షణ వల్ల ఒత్తిడీ ఆందోళనా తగ్గిన పరిమాణం 0.8కి పైగా వచ్చింది. గణాంక శాస్త్రంలో ఇది పెద్ద ప్రభావమే. అయితే 24 అధ్యయనాలకు 484 మంది అంటే ఒక్కోదానిలో సగటున 20 మందే. ఇవి చిన్న అధ్యయనాలు. పరికరం లేకుండా నెమ్మది ఊపిరి సాధన చేసినవారి కన్నా పరికరంతో చేసినవారికి ఎంత ఎక్కువ మేలు జరుగుతుందో ఇంకా తేలలేదు. మాటలతో చేసే ప్రవర్తనా చికిత్సకు, అవసరమైన మందులకు ఇది తోడు. వాటి స్థానంలో కూర్చోబెట్టే సరుకు కాదు. వేల రూపాయలు పోసి యంత్రం కొంటే రంది పోతుందని చెప్పే ప్రకటనలను నమ్మకండి.

ఇంకో హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయజెపాం కలుపుతారు. ఈ రెండూ ఆందోళనకు డాక్టర్లు రాసే మాత్రలే. రోజూ తాగేవాళ్ల మెదడు వాటికి అలవాటుపడుతుంది. 2015లో కల్తీ మీద దాడులు జరిగి కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వణుకు, నిద్రలేమి, వింత ప్రవర్తన, మూర్ఛలతో జనం ఆసుపత్రులకు వరుస కట్టారు. కల్లు మానిన రెండు మూడు రోజులకే దడ, వణుకు వస్తే అది ఊపిరితో సర్దుకునే సంగతి కాదు. అందులో ప్రాణాపాయం ఉంది, ఆసుపత్రికి పోవాలి. అలాగే నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు వచ్చే ఛాతీనొప్పి, చేతికో దవడకో పాకే నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ముందు గుండె చూపించుకోవాలి. బరువు తగ్గిపోతూ దడ ఉంటే థైరాయిడ్, మొహం పాలిపోయి ఆయాసం ఉంటే రక్తహీనత చూడాలి. మొదట చెప్పిన కవరులోని పరీక్షలు దండగ కావు, అవి చేయించిన తర్వాతే ఈ అధ్యాయం మొదలవుతుంది.

అప్పు, ఆగిన ఫ్యాక్టరీ, గల్ఫ్‌లో చిక్కుకున్న కొడుకు, ఇవి ఊపిరితో తీరే కష్టాలు కావు. తీరతాయని ఎవరైనా చెబితే అది బాధపడేవాళ్ల మీద ఇంకో భారం మోపడమే. దడ తగ్గి నిద్ర పట్టిన మనిషి ఏజెంటుతో మాట్లాడగలదు, బ్యాంకుకు పోగలదు, కేసు వేయగలదు. నేను ఆశించేది అంతవరకే.

ఎక్కడ మొదలుపెట్టాలి? కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416కు ఏ ఊరి నుంచైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాబట్టి మానసిక వైద్యుల కోసం హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆసుపత్రి దాకా పోవాల్సిన రోజులు తగ్గాలి. ఆ విభాగాల్లో ఒక గది, ఒక కంప్యూటరు, గుండె వేగం చూపే ఒక సెన్సారు, తెలంగాణ మాట మాట్లాడే ఒక శిక్షకురాలు ఉంటే ఈ పని మొదలవుతుంది. స్కానింగు యంత్రాల ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

అప్పటిదాకా చేతిలో ఉన్నదానితో చేయగలిగింది కొంత ఉంది. కరోనా తర్వాత ఆక్సీమీటరు ఊరూరా చేరింది. అది కొన్ని సెకన్ల సగటునే చూపిస్తుంది కాబట్టి అలలను పూర్తిగా పట్టుకోలేదు. అయినా నిమిషానికి 6 ఊపిరుల దగ్గర నాడి అంకె ఎక్కడం, దిగడం చాలామందికి కొంత ఆలస్యంగానైనా కనిపిస్తుంది. దడతో వచ్చిన మనిషికి గ్లూకోజు సీసా ఎక్కించే ముందు, ప్రమాద లక్షణాలేవీ లేవని చూసుకుని, ఆర్ఎంపీ అయినా ఏఎన్ఎం అయినా ఆ క్లిప్పు వేలికి పెట్టి, ‘ఇగో, ఆక్సిజన్ 98 ఉన్నది, గాలి సరిపోతున్నది, ఇప్పుడు మెల్లగ ఇడువు, ఈ అంకె చూడు’ అని పది నిమిషాలు పక్కన కూర్చోవచ్చు. దానికి కొత్త మందూ కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు, ఒక పూట శిక్షణ చాలు.